వరి మడిలో మీథేన్ తగ్గించాలంటే: ముందు గడ్డి, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే పద్ధతి

భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును వరిలో తగ్గించడానికి నాలుగైదు పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి. తడి–ఆరుదల (నీళ్లు పెట్టి, ఆరనిచ్చి మళ్లీ పెట్టడం), వెద వరి (పొడి దుక్కిలో నేరుగా విత్తడం), డ్రమ్ సీడర్ (బురద మడిలో విత్తనం వేసే పరికరం), శ్రీ వరి (లేత నారును ఎడంగా ఒక్కో మొక్కే నాటడం), యాసంగిలో వరి మానేసి ఆరుతడి పంట వేయడం. ఒక్కోదానికి ఒక్కో శాతం చెబుతారు. ఆ శాతాలు చూసి పద్ధతి ఎంచుకుంటే చాలాచోట్ల బెడిసికొడుతుంది. బోరు కింద బ్రహ్మాండంగా నడిచేది కాలువ చివరి ఆయకట్టులో నడవదు. నల్లరేగడిలో కుదిరేది చల్కా (తేలికపాటి ఎర్ర) నేలలో కుదరదు. అన్నిటికంటే ముఖ్యంగా, పాత పంట గడ్డిని ఏం చేస్తున్నారో చూడకుండా ఒక్క నీటి పద్ధతినే మార్చితే, ఒక చేత్తో తగ్గించింది ఇంకో చేత్తో పెంచినట్టే అవుతుంది.

మడిలో నీళ్లు నిలిస్తే నేలలోకి గాలి దిగదు. కొద్ది రోజుల్లోనే అక్కడున్న ఆక్సిజన్ అయిపోయి, గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. కుళ్లే గడ్డి, కొయ్యకాళ్లు, పచ్చిరొట్ట, వేళ్ల నుంచి ఊరే పదార్థాలు వాటికి మేత. అలా పుట్టిన మీథేన్‌లో బుడగలుగా పైకొచ్చేది కొంతే. ఎక్కువ భాగం వరి కాడలోని గాలి గొట్టాల గుండా ఆకాశంలోకి పోతుంది. కాబట్టి మన చేతిలో ఉన్నవి రెండే: నేలకు గాలి ఆడనివ్వడం, సూక్ష్మజీవులకు పచ్చి మేత దొరక్కుండా చూడడం.

మీథేన్ గాలిలో దాదాపు 12 ఏళ్లే ఉంటుంది. కానీ 20 ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు, వందేళ్ల లెక్కలో 27 రెట్లు ఎక్కువగా వేడి పట్టి ఉంచుతుంది. అందుకే 2030 నాటికి దీన్ని 2020 స్థాయి నుంచి 30 శాతం తగ్గిస్తామని 2021లో గ్లాస్గోలో చాలా దేశాలు ఒప్పుకున్నాయి. భారత్ అందులో చేరలేదు. మన దేశంలో ఈ వాయువు ఎక్కువగా వచ్చేది వ్యవసాయం నుంచే: ముందు పశువులు, తర్వాత వరి. రెండూ చిన్న రైతుల బతుకుతెరువు. కాబట్టి మీథేన్ పేరు చెప్పి రైతు చేత ఏదీ చేయించలేం. నీళ్లలోనో కూలీలోనో మందులోనో ఏదో ఒకటి మిగిల్చే పద్ధతే రెండో ఏడాది కూడా పొలంలో ఉంటుంది. ఈ పోలికంతా ఆ కొలతతోనే.

ముందు గడ్డి సంగతి

వాతావరణ మార్పులపై పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐపీసీసీ, దేశాలు తమ లెక్కలు వేసుకోవడానికి ఒక సూత్రం ఇచ్చింది. దాని ప్రకారం ఎకరాకు సుమారు 2 టన్నుల ఎండు గడ్డిని నాట్లకు 30 రోజుల లోపు బురదలో కలిపితే మీథేన్ దాదాపు 2.9 రెట్లు అవుతుంది. అదే గడ్డిని 30 రోజుల కంటే ముందే కలిపి, నేలలో గాలి సోకేలా కుళ్లనిస్తే 1.5 రెట్ల దగ్గర ఆగుతుంది. నీటి పద్ధతులతో వచ్చే తగ్గుదల దీని పక్కన పెట్టి చూడండి. పంట మధ్యలో ఒక్కసారి ఆరబెడితే 29 శాతం, పలుమార్లు ఆరబెడితే 45 శాతం. అంటే పచ్చి గడ్డిని బురదలో తొక్కి, ఆపైన ఎంత శ్రద్ధగా ఆరబెట్టినా, గడ్డి లేని మామూలు మడి కంటే ఎక్కువ మీథేన్ వస్తుంది.

దీన్ని కనిపెట్టడానికి పరికరాలేమీ అక్కర్లేదు. నాటిన మూడు వారాలకు మడిలో దిగి నడవండి. అడుగు వేసినప్పుడల్లా బుడగలు పైకి లేస్తున్నాయా? ఒక కుదురు పీకి వేరు చూడండి. తెల్లగానో తుప్పు రంగులోనో ఉంటే నేల బాగానే ఉంది. నల్లబడి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంటే గడ్డి ఇంకా కుళ్లుతోందని అర్థం. పైన ఆకులు పసుపు తిరుగుతాయి, పిలకలు రావు. చాలామంది అది నత్రజని లోపమనుకుని యూరియా చల్లుతారు. చల్లినా పచ్చబడదు, ఎందుకంటే వేరు తీసుకునే స్థితిలో లేదు. నీళ్లు తీసేసి నాలుగైదు రోజులు ఆరనిస్తే కొత్త తెల్ల వేళ్లు పుడతాయి. యూరియా ఆ తర్వాతే.

మరి గడ్డిని ఏం చేయాలి? కాల్చడానికి లేదు. కాలిస్తే పొగలో మీథేన్ ఉండనే ఉంటుంది, నేల సారమూ పోతుంది. వానాకాలం గడ్డికి ఒక దారి, యాసంగి గడ్డికి ఇంకో దారి పట్టాలి. వానాకాలం కోతకూ యాసంగి నాట్లకూ మధ్య వ్యవధి చాలా తక్కువ, కాబట్టి ఆ గడ్డిని కలియదున్నడం మీథేన్ పరంగా అన్నిటికంటే చెడ్డ ఎంపిక. బేలర్‌తో మోపులు కట్టించి బయటికి పంపండి, పశుగ్రాసానికి పోతుంది. యాసంగి కోత తర్వాత మాత్రం చేతిలో వేసవి ఉంటుంది. తొలి జల్లు పడగానే, నేల పొడి పదునులో ఉండగా రోటవేటర్‌తో కలిపేయండి. వ్యవసాయ శాఖ వాళ్లు ఎకరాకు చెప్పే 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కూడా అప్పుడే వేస్తే త్వరగా కుళ్లుతుంది. నెల రోజులు దాటాకే దమ్ము (నీళ్లు పెట్టి బురదగా దున్నడం).

జీలుగ, జనుము పచ్చిరొట్టగా వేసేవాళ్లకు ఒక మాట. పూత దశలో కలియదున్ని వారం తిరక్కుండా నాట్లు వేస్తే మీథేన్ రెట్టింపు దాటుతుంది. అంతమాత్రాన పచ్చిరొట్ట మానేయమని చెప్పం. చౌడు నేలల్లో, సేంద్రియ పదార్థం తగ్గిపోయిన నేలల్లో దాని మేలు వేరు. అలాంటి మడిని మాత్రం తప్పకుండా, కాస్త ముందుగానే ఒకసారి ఆరబెట్టాలి.

బోరు కింద: తడి–ఆరుదల

మోటారు మీ చేతిలో ఉంటే ఇదే మొదటి ఎంపిక. సామాను కూడా చాలా తక్కువ. నాలుగంగుళాల పీవీసీ పైపును 30 సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. 20 అడుగుల పైపు ఒకటి కొంటే 20 ముక్కలు వస్తాయి. ప్రతి ముక్కకూ కింది సగంలో చుట్టూ అర సెంటీమీటరు రంధ్రాలు, రెండేసి సెంటీమీటర్ల ఎడంతో వేయండి. రంధ్రాలున్న సగం నేలలో, మిగతా 15 సెంటీమీటర్లు పైన ఉండేలా దించి, లోపలి మట్టి పూర్తిగా తీసేయండి. గట్టుకు కనీసం ఒక మీటరు లోపల, రోజూ చూడటానికి వీలైన చోట, మడిలో ఎత్తూ పల్లమూ కాని జాగాలో పెట్టాలి. దమ్ము కింద ఉండే గట్టి పొరను పగలగొట్టకండి, ఆ పొర పగిలితే నీళ్లు అక్కడి నుంచి కిందికి దిగిపోతాయి.

పెట్టగానే ఒక పరీక్ష చేయాలి. మడిలో నీళ్లున్నప్పుడు గొట్టం లోపలా బయటా మట్టం ఒకటే ఉందా? తేడా ఉంటే రంధ్రాలు బురదతో మూసుకుపోయాయి, పీకి కడిగి మళ్లీ దించండి. ఈ పరీక్ష చేయకుండా గొట్టాన్ని నమ్ముకుంటే పైరు ఎండినా తెలియదు.

నాటాక మొదటి రెండు వారాలు పలచగా నీళ్లుంచండి, కలుపు అణగాలి. కలుపు బాగా ఉన్న మడి అయితే మూడో వారం కూడా. ఆ తర్వాత 5 సెంటీమీటర్లు పెట్టి వదిలేయండి. గొట్టంలో నీటి మట్టం నేల కంటే 15 సెంటీమీటర్లు దిగాక మళ్లీ 5 సెంటీమీటర్లు. పూతకు వారం ముందు నుంచి పూత అయ్యాక వారం దాకా మాత్రం ఆరబెట్టొద్దు. ఆ రోజుల్లో నీటి ఎద్దడి తగిలితే తాలు గింజలు వస్తాయి. ఈ ఒక్క నియమం తప్పి, దిగుబడి పడిపోయిందని పద్ధతిని తిట్టుకునేవాళ్లే ఎక్కువ. నియమం పాటిస్తే దిగుబడి తగ్గదు, నీళ్లు 15 నుంచి 30 శాతం మిగులుతాయి.

15 సెంటీమీటర్ల లెక్క అన్ని నేలలకూ ఒకేలా వర్తించదు. చల్కా నేలలో రెండు మూడు రోజులకే మట్టం దిగిపోతుంది, బరువు నేలలో వారం, పది రోజులు పట్టొచ్చు. నల్లరేగడిలో 15 దాకా ఆగితే నేల నోరు తెరుస్తుంది. పెద్ద బీటలు పడ్డాక పెట్టిన నీళ్లు నేరుగా పాతాళానికే, మిగలాల్సిన నీళ్ల కంటే ఎక్కువ పోతాయి. అక్కడ సన్న నెర్రెలు కనపడగానే, గొట్టంలో 10 సెంటీమీటర్ల దగ్గరే తడి ఇచ్చేయాలి. తీర ప్రాంత చౌడు భూముల్లో ఈ పద్ధతి జోలికే వెళ్లొద్దు, ఆరితే అడుగు ఉప్పు పైకి లేస్తుంది.

రైతుకు నిజంగా ఆశ పుట్టించేది నీటి పొదుపు కంటే దోమ తగ్గడం. వరి కాడ రసం పీల్చే సుడిదోమకు కుదుళ్ల మొదట్లో తేమ, నీడ కావాలి. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాటలు తీసి, మడిని అప్పుడప్పుడూ ఆరబెట్టమని చెప్పేది అందుకే. ఒక మందు పిచికారీ తప్పినా ఆ సీజన్‌లో గొట్టం ఖర్చు వచ్చేసినట్టే.

ఎక్కడ విఫలమవుతుందంటే, స్టార్టరు దగ్గర. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట 9 గంటలు ఉచితం. కరెంటు రాగానే మోటారు దానంతటదే నడిచే ఆటో స్టార్టర్ పెట్టుకుని, మడిలో గొట్టం పాతితే ఆ గొట్టం అలంకారానికే. ఆటో స్టార్టర్ తీయడానికి ఇష్టపడని రైతుకు ఈ పద్ధతి చెప్పడం దండగ. మడి చదునుగా లేకపోయినా ఇదే గతి. ఒక మూల ఎండి కలుపు లేస్తుంటే, ఇంకో మూల ఇంకా నీళ్లలోనే ఉంటుంది. లేజర్ లెవెలర్ ఖర్చు ముందు పెట్టి, గొట్టాలు తర్వాత పాతండి.

మడి ఆరినప్పుడు, భూమిని వేడెక్కించే ఇంకో వాయువు నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుందని కొందరు అడ్డు చెబుతారు. నిజమే, పెరుగుతుంది. లెక్క వేసి చూద్దాం. ఐపీసీసీ దక్షిణాసియాకు ఇచ్చిన సగటు రోజుకు హెక్టారుకు 0.85 కిలోల మీథేన్. 120 రోజులకు ఎకరానికి సుమారు 41 కిలోలు. 45 శాతం తగ్గితే 18 కిలోల పైచిలుకు, అంటే దాదాపు అర టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఎకరాకు 48 కిలోల నత్రజని వేస్తే, ఆరబెట్టినందుకు అదనంగా వచ్చే నైట్రస్ ఆక్సైడ్ 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. మీథేన్‌లో తగ్గినదాంట్లో పదో వంతు కూడా కాదు. అయితే ఇది యూరియాను మూడు దఫాలుగా, బురద పదునులో వేసి, 36–48 గంటల తర్వాత పలచగా నీళ్లు పెట్టేవాళ్ల లెక్క. బస్తాలకు బస్తాలు ఒకేసారి చల్లితే ఈ లెక్క చెల్లదు.

కాలువ కింద

ఇక్కడ ప్రశ్న వేరు. మీ మడిని మీరొక్కరే ఆరబెట్టగలరా? గోదావరి, కృష్ణా డెల్టాల్లో చాలాచోట్ల నీళ్లు మడి నుంచి మడికి పారతాయి. పైవాడి నీళ్లు మీ మడిలోంచే కిందివాడికి పోవాలి. సార్వాలో (వానాకాలం పంటలో) అయితే పైనుంచి వాన, కింద పైకి లేచిన భూగర్భ జలం. గొట్టం పాతినా నీళ్లు 15 సెంటీమీటర్లు దిగే ముచ్చటే ఉండదు. సార్వాలో డెల్టా రైతుకు గొట్టం అమ్మడం కంటే మురుగు బోదె పూడిక తీయించడం వెయ్యి రెట్లు మేలు.

అక్కడ సాధ్యమయ్యేది ఒకే ఒక్క ఆరుదల. పిలకలు తొడగడం పూర్తయ్యాక, చిరుపొట్టకు (కాడలో వెన్ను పుట్టే దశకు) ముందు, వాన తెరిపి చూసుకుని ఐదు నుంచి వారం రోజులు నీళ్లు తీసేయడం. ఒక బోదె కింది రైతులంతా ఒకే వారం చేస్తేనే కుదురుతుంది కాబట్టి నీటి సంఘమో, రైతు ఉత్పత్తిదారుల సంఘమో తేదీ పెట్టాలి. 29 శాతం చిన్న సంఖ్యలా కనిపించవచ్చు, కానీ వందల ఎకరాల్లో ఖర్చు లేకుండా జరిగేది ఇదొక్కటే. పిలకలు గట్టిపడి పైరు పడిపోకుండా నిలవడం అదనపు లాభం.

వారబందీ ఉన్న ఆయకట్టులో, అంటే వారం నీళ్లిచ్చి వారం ఆపే చోట, తడి–ఆరుదల దానంతటదే జరగాలి. జరగదు. వచ్చే వంతు మీద నమ్మకం లేక చివరి ఆయకట్టు రైతు గట్టు తెగేదాకా నింపుకుంటాడు. తప్పు అతనిది కాదు. ముందే ప్రకటించిన తేదీకి నీళ్లు వచ్చే కాలువ కిందే ఈ పద్ధతి పెట్టండి, లేనిచోట రైతుకు పాఠాలు చెప్పి లాభం లేదు.

వెద వరి, డ్రమ్ సీడర్: రెంటినీ ఒకే గాట కట్టకండి

పొడి దుక్కిలో విత్తే వెద వరిలో దమ్ము ఉండదు, మొదటి నెల, నెలన్నర మడిలో నీళ్లు నిలవవు. మీథేన్ తగ్గేది ఆ రోజుల్లోనే. తర్వాత కోత దాకా నీళ్లు నిలిపితే లాభం సగం కరిగిపోతుంది, కాబట్టి తర్వాత కూడా గొట్టం చూసి తడులివ్వాలి. డ్రమ్ సీడర్ సంగతి వేరు. దమ్ము చేసిన మడిలోనే మండె కట్టిన (మొలకెత్తించిన) విత్తనం పడుతుంది. మొదటి పది రోజులు తప్ప తర్వాతంతా మామూలు వరే. దాన్ని కూలీ కోసం ఎంచుకోండి, బాగుంటుంది. మీథేన్ కోసమైతే పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

వెద వరికి మధ్యస్థ, బరువు నేలలు కావాలి. ట్రాక్టరు సీడ్ డ్రిల్‌తో 20 సెంటీమీటర్ల సాళ్లలో, లోతు 3 సెంటీమీటర్లు మించకుండా విత్తాలి. లోతు ఎక్కువైతే మొలక పైకి రాదు. ఇక్కడ గెలుపోటములు తేలేది కలుపు దగ్గరే. విత్తిన 48 గంటల్లోపు, నేలలో తేమ ఉండగా, ఎకరాకు లీటరు నుంచి 1.3 లీటర్ల పెండిమిథాలిన్ 30 శాతం కలుపు మందును 200 లీటర్ల నీటిలో కొట్టాలి. పొడి నేల మీద కొడితే మందు పనిచేయదు. 15–20 రోజులకు, ఊద గడ్డి (వరిలో వచ్చే కలుపు) రెండు మూడు ఆకులు వేసినప్పుడు, బిస్పైరిబాక్ సోడియం 100 మిల్లీలీటర్లు. ఊద ఐదారు ఆకులకు వచ్చాక కొడితే డబ్బు దండగ. నాట్ల కూలీలో మిగిలింది కలుపు కూలీలో పోయిన పొలాలన్నీ దాదాపు ఈ రెండు తేదీలు తప్పినవే.

చల్కా నేలలో ఇంకో ఇబ్బంది ఉంది. కొత్త ఆకులు తెల్లగా పాలిపోతాయి. అది ఇనుప ధాతువు లోపం. లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 2 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయాలి. విత్తిన వెంటనే గట్టి వాన పడి నీళ్లు నిలిచే పల్లపు మడుల్లో వెద వరి వేయొద్దు, విత్తనం కుళ్లిపోతుంది.

శ్రీ వరి గురించి కొద్దిగా. 2003 ఖరీఫ్ నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బాగా ప్రచారమైంది. ఎకరాకు 2 కిలోల విత్తనం, 8–12 రోజుల నారు, 25 సెంటీమీటర్ల చదరంలో ఒక్కో మొక్క, పది రోజులకోసారి వీడర్. నీళ్లు నిలపకపోవడం వల్ల మీథేన్ తగ్గుతుంది, దిగుబడీ వస్తుంది. మనుషులే దొరకరు. ఇంటిల్లిపాదీ చేలో దిగే ఎకరం, రెండెకరాల రైతుకు ఇప్పటికీ మంచిదే. పదెకరాల కౌలు రైతుకు చెప్పకండి.

రకం మార్చడం, పంట మార్చడం

పద్ధతేదీ మార్చలేని రైతుకు రకం మార్చడం తేలిక. సాంబ మసూరి 145–150 రోజులు, కాటన్ దొర సన్నాలు 120 రోజులు. నీళ్లలో నిలిచే రోజులు 25 తగ్గితే, పై సగటు లెక్కన ఎకరాకు 8 కిలోల పైగా మీథేన్ పోయినట్టు. బియ్యం ధర వేరు కాబట్టి ఈ నిర్ణయం మిల్లరు గుమ్మం దగ్గరే తేలుతుంది. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి నుంచి జన్యు సవరణతో తెచ్చిన, సుమారు 20 రోజులు ముందే కోతకొచ్చే 'కమల' రకాన్ని 2025 మేలో ప్రకటించారు. ధ్రువీకరించిన విత్తనం చేతికొచ్చాకే దాన్ని లెక్కలోకి తీసుకోండి.

యాసంగిలో వరి మానేస్తే ఆ సీజన్ మీథేన్ పూర్తిగా పోతుంది. కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము, పెసర చల్లి మిగిలిన తేమతోనే పంట తీయడం పాత అలవాటే. గుంటూరు వైపు దున్నకుండా మొక్కజొన్న వేస్తారు. తెలంగాణ బోరు రైతు మాత్రం, వరికి కొనుగోలు కేంద్రం ఉంది, మినుముకు ఎవరున్నారని అడుగుతాడు. దానికి జవాబు లేనిదే ఈ సలహా ఇవ్వకూడదు.

కార్బన్ క్రెడిట్ ఒప్పందం పెడితే

ఇప్పుడు కొన్ని సంస్థలు ఊళ్లోకి వచ్చి, ఆరబెడితే డబ్బులిస్తామంటున్నాయి. తగ్గిన మీథేన్‌ను టన్నుల్లో లెక్కగట్టి, కార్బన్ క్రెడిట్లుగా కంపెనీలకు అమ్ముకుంటాయి. పై లెక్కన ఎకరాకు ఒక సీజన్‌లో అర టన్ను. టన్ను వెయ్యి రూపాయలు పలికిందనుకుంటే 500 రూపాయలు. అందులోంచే తనిఖీ, నమోదు, సంస్థ వాటా పోవాలి. ఎకరాకు వేలల్లో వస్తుందని ఎవరైనా అంటే ఏ లెక్కన అని అడగండి. ధ్రువీకరణ సంస్థ వెర్రా 2024లో చైనాలోని 37 వరి ప్రాజెక్టులను తిరస్కరించింది. కాగితాల మీద ఆరబెట్టిన మడులకు రోజులు దగ్గరపడ్డాయి. సంతకం పెట్టే ముందు నాలుగు విషయాలు తెలుగులో రాయించుకోండి: ఒప్పందం ఎన్నేళ్లు, క్రెడిట్ అమ్ముడుపోకపోతే రైతుకు ఏమిస్తారు, మధ్యలో మానుకుంటే జరిమానా ఉందా, కౌలు భూమి అయితే డబ్బు పట్టాదారుకా సాగుదారుకా. చివరిదానికి జవాబు చెప్పలేని ఒప్పందం మీద కౌలు రైతు సంతకం పెట్టకపోవడమే మంచిది.